మిల్లు మైదానంలో మా పడుగు

గద్వాలలో మా ఇంటి వెనకాల సంస్థానం కాలంనాటి పత్తి మిల్లు ఒకటుంది. నేను కోడలిగా వచ్చేనాటికే అది మూతపడింది. మిగిలింది రాతి గోడలు, పొడవాటి పొగగొట్టం, వాటి ముందు చదునైన పెద్ద మైదానం. ఆ మైదానమే మాకు అన్నం పెట్టింది.

మా ఆయన చీరలు నేస్తాడు. మగ్గం ఎక్కించే ముందు పడుగును, అంటే నిలువు దారాలన్నిటినీ, ఆరుబయట పొడవునా లాగి కట్టి గంజి పట్టించాలి. గంజి ఆరేదాకా కుంచెతో దువ్వుతూనే ఉండాలి. చెయ్యి ఆగిందంటే పోగుకు పోగు అంటుకుపోతుంది. మా సందు అందుకు చాలదు. అందుకే పొద్దున్నే మిల్లు మైదానానికి వెళ్లేవాళ్లం. ఆయన ఒక పక్క, నేను ఒక పక్క నడుస్తూ దువ్వేవాళ్లం. పెళ్లయిన కొత్తలో, అత్త వినకుండా మేం మాట్లాడుకున్న మాటలన్నీ అక్కడివే.

నిరుడు ఎండాకాలం అక్కడికి జేసీబీ వచ్చింది. మిల్లును అట్లాగే ఉంచి, మైదానాన్ని పార్కు చేస్తారట. చూస్తుండగానే ఇనుప కంచె లేచింది. ఆయన, నేను మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాం.

"పొద్దుగాల జరసేపు పడుగు పట్టుకోనియ్యుండ్రి సార్. మీరు గేటు తెరిచేలోపల్నే ఎల్లిపోతం" అని ఆయన బతిమాలాడు.

"గుంజలు పాతితే గడ్డి పాడవుతుంది. పార్కు అందరిదీ. మీరూ రండి, హాయిగా కూర్చోండి" అన్నాడు అధికారి.

సందులోనే కట్టి చూశాం. బండ్లవాళ్లతో రోజూ తగవే. ఒకనాడు గేదె అడ్డంపడి పోగులన్నీ తెంపింది. పని చేతికి రాకపోయేసరికి అంచుకు పట్టు ఇచ్చే సావుకారు వేరేవాళ్లకు ఇవ్వడం మొదలుపెట్టాడు. ఆయన తిండి మానేశాడు. పొద్దంతా మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టుకుని, ఖాళీ మగ్గం ముందు కూర్చునేవాడు. ఏమైనా చేసుకుంటాడేమోనని నీళ్లకు వెళ్లినా నా ప్రాణం ఇంటి మీదే ఉండేది.

అట్లాంటప్పుడు ఆఫీసు నుంచి ఒక ఉద్యోగి వచ్చాడు. "పార్కు ఓపెనింగుకు పెద్దోళ్లొస్తుండ్రు. గద్వాల నేత చూపియ్యాల్నంట. మిల్లు ముందట పడుగు పడతవా అన్నా?"

ఆయన ముఖంలో ఎన్నాళ్లకో ప్రాణం కనిపించింది. "పెద్దోళ్లు కండ్లార చూస్తే కాదంటరా? ఈ పని గిట్ల జేస్తరని ఎరికైతే మనకింత జాగ విడువరా?" అన్నాడు నాతో. ఇంట్లో ఉన్న సన్ననూలంతా దానికే పెట్టాడు. నాకు భయంగానే ఉంది, కాని ఆ ముఖం చూసి గంజికి బియ్యం నేనే తీసిపెట్టాను.

ఓపెనింగు రోజు అతిథులు ఆలస్యంగా వచ్చారు. వాళ్లు గేటు దగ్గరికి వచ్చాకే గంజి పట్టించమన్నారు ఆఫీసువాళ్లు. పట్టించాం. వాళ్లు చుట్టూ చేరి ఫోటోలు దిగారు. ఒకాయన కుంచె అడిగి తీసుకుని రెండుసార్లు దువ్వి నవ్వాడు. "సార్, మాకు జాగ లేదు..." అని మా ఆయన మొదలుపెట్టాడు. ఆ మాట బాజాల చప్పుడులో కలిసిపోయింది. వాళ్లు వేదికవైపు నడిచారు.

వెంటనే ఆ ఉద్యోగి వచ్చాడు. "ఇగ చాలన్నా, తీసెయ్యి. జనాన్ని లోపలికి ఇడుస్తుండ్రు."

"ఇంకా తడి మీదుంది. జర ఆగుండ్రి. ఇప్పుడు తీస్తే మొత్తం ఖరాబైతది" అన్నాడు మా ఆయన.

"నా చేతిల ఏముందన్నా?"

నేను అతని కాళ్లు పట్టుకున్నాను. నలుగురిలో అట్లా చేస్తానని ఎన్నడూ అనుకోలేదు. "లేమ్మా, నా నౌకరి పోతది" అని అతను వెనక్కి జరిగాడు. అతని కళ్లలోనూ నీళ్లున్నాయి. అంతలో గేటు తెరిచారు. పిల్లలు కేరింతలు కొడుతూ దారాల కిందనుంచి దూరారు. కావలివాళ్లు గుంజలు పీకారు. తడి పడుగంతా గడ్డి మీద కూలబడింది.

చేతులతో ఎత్తుకుని ఇంటికి తెచ్చాం. నేనూ అత్తా గోళ్లతో పోగులు విడదీయాలని చూశాం. జడలు కట్టుకుపోయాయి. ఆయన కత్తెర తీశాడు.

"కొయ్యకయ్యా, ఒక్క చీరన్న ఎల్తదేమో" అన్నాను.

"ఎల్లది" అన్నాడు. మొత్తం కోసేశాడు.

ఆ వారమే బిల్డింగు పనులకు పోతున్న కూలీలతో కలిసి హైదరాబాదు వెళ్లిపోయాడు. సిమెంటుకు వేళ్లు పగిలాయట. "పోగు పట్టుకుంటే ఇప్పుడు నాకు తెలుస్తదో లేదో" అన్నాడు ఫోనులో. నేను మిషను మీద గంజి పెట్టిన పడుగు తెప్పించి మగ్గం మీద కూర్చుంటున్నాను. అది మాటిమాటికీ తెగుతుంది. పైగా అంచును చీరకు కలిపి నేయడానికి ఇద్దరుండాలి. అత్త చూపు అందుకు ఆనదు.

మొన్న ఆగలేక, "వచ్చెయ్, ఏదన్న చేద్దాం" అన్నాను.



"వచ్చి ఏం చెయ్యాలె?" అన్నాడు.

 ఫోను పెట్టేయకుండా చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, మగ్గం మీద మళ్లీ తెగిన పోగును ముడివేశాను.