టైలరమ్మ కారు పందెం

టైలరమ్మ జన్మలో సైకిలు కూడా తొక్కి ఎరగదు. కానీ ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఫోను పట్టుకుని కూర్చుందంటే, గంటకు రెండు వందల కిలోమీటర్లకు తగ్గదు. ఆన్‌లైన్ కారు పందేల్లో ఎర్ర కారు ఆవిడదే. జట్టులో మిగతా ఇద్దరు వేరే ఊళ్లో ఉంటారు. ఒకరు బ్యాంకులో పనిచేసే చెల్లెలి కూతురు, ఇంకొకరు ఆ పిల్ల స్నేహితురాలైన పళ్ల డాక్టరు. ముగ్గురూ ఫోన్లో కబుర్లాడుకుంటూ నడుపుతారు. మూడు కార్లూ గీత దాటితేనే జట్టుకు మార్కులు.

వచ్చిన చిక్కల్లా ఇంట్లో నెట్‌తోనే. ఆవిడ ఇప్పుడు వేలు నొక్కితే కారు కాసేపు ఆలోచించుకుని గానీ తిరిగేది కాదు. పందెం మధ్యలో నెట్ పూర్తిగా పోతే ఆట ఆవిణ్ణి బయటికి గెంటేసేది. మూడు ఆదివారాలుగా ఇదే తంతు.

“పెద్దమ్మా, ఏమనుకోకు. ఈ ఆదివారం కూడా మధ్యలో పోతే, నీ బదులు ఇంకెవరినైనా తీసుకుందామంటోంది డాక్టరు,” అని చెల్లెలి కూతురు నసిగింది.

వంచిన మెడ ఎత్తకుండా వారమంతా ఊళ్లోవాళ్ల కొలతలకు కుట్టే మనిషికి, తనదంటూ ఉన్నది ఆ అరగంటే. అది కూడా పోతే ఎలా? టైలరమ్మ వెంటనే నెట్ కంపెనీకి ఫోన్ చేసి దుమ్ము దులిపేసింది.

ఆదివారం పొద్దున్నే నిచ్చెన భుజాన వేసుకుని కంపెనీ అమ్మాయి దిగింది. వీధిలో తీగ చూసింది, బాగానే ఉంది. గుమ్మం దగ్గర చూసింది, నిక్షేపంలా ఉంది.

“నెట్ డబ్బా ఏదండీ?” అంది.

ఆ ఇంట్లో తొడుగు లేని వస్తువు లేదు. మిక్సీకి తొడుగు, టీవీకి తొడుగు, ఆఖరికి భర్త కళ్లజోడు పెట్టెకూ తొడుగే. గుడ్డపీచు ఎగిరే ఇల్లు కదా, దుమ్మంటే ఆవిడకు గిట్టదు. నెట్ డబ్బాకైతే మరీ ప్రత్యేకం. నాటకంలో రాణి వేషానికి కుట్టగా మిగిలిన వెండితీగల గుడ్డ, లోపల దూది, ముందు మూడు గుండీలు. నెట్ నెమ్మదించినప్పుడల్లా దుమ్ము చేరుతోందనుకుని, పైన ఇంకో పొర వేసి కుట్టేది. ఇప్పటికి నాలుగు పొరలయ్యాయి.

కంపెనీ అమ్మాయి గుండీలు విప్పి, డబ్బా ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కుంది. ఇస్త్రీపెట్టెలా కాలుతోంది.

“కుట్టు మాత్రం అద్భుతమండీ. కానీ పాపం దీనికి ఊపిరాడట్లేదు. ఈ లోహపు తీగలు దాటుకుని సిగ్నలు బయటికెలా వస్తుంది?” అని నవ్వాపుకోలేక గోడకు చేరబడింది.

టైలరమ్మ సిగ్గుతో కుచించుకుపోయింది. కంపెనీని ఫోన్లో కడిగి ఆరేసిన మనిషాయె! ఆ తర్వాత తనూ పకపకా నవ్వేసి, తొడుగు ఊడదీసి పక్కన పెట్టింది.

నాలుగయింది. మొదటి మలుపు వస్తోంది. వేలు నొక్కీ నొక్కగానే కారు తిరిగి, ధబీమని గోడను గుద్దింది. రెండో మలుపులోనూ గోడే. ఆలస్యానికి అలవాటుపడి ఆవిడ వేలు మలుపు రాకముందే తిప్పడం నేర్చేసుకుంది మరి.

“ఎందుకంత తొందర? మలుపు రానీ,” అన్నాడు పక్క కుర్చీలోంచి భర్త. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి. ఆ ఆట వైపు ఏనాడూ కన్నెత్తి చూడలేదు.

“మీరు కాసేపు ఊరుకోండి!”

“ఉండు... ఉండు... ఆఁ, ఇప్పుడు తిప్పు!”

తిప్పింది. కారు నున్నగా సాగిపోయింది. అక్కణ్ణించి ఆయన నోరు ఆగలేదు. చెప్పులు లేని కాలు నేలమీద బ్రేకు తొక్కుతూనే ఉంది. ఆయన మాట విన్నచోట దాటింది, విననిచోట గుద్దింది. గీత చేరేసరికి ఎర్ర కారుకు ముందు బంపరు లేదు, ఒక తలుపు లేదు. వచ్చింది ఆఖరి స్థానం. అయినా దాటింది.

“పెద్దమ్మా, దాటేశావ్! మనకి మార్కులొచ్చాయి!” అని చెల్లెలి కూతురు కేకపెట్టింది.

“వచ్చే ఆదివారం కూడా మీరే ఆంటీ,” అంది పళ్ల డాక్టరు. “అవునూ, అన్నిసార్లు గోడకి గుద్దారేంటి? మళ్లీ నెట్ పోయిందా?”

టైలరమ్మ నిటారుగా సర్దుకుని కూర్చుంది. ఆవిడ ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

“నెట్‌కేం, బంగారంలా ఉంది. గుద్దింది నేనేనమ్మా. పదకొండుసార్లూ నేనే!”