గాలి నిలవడం లేదు

ఈ ఉదయం మనుబోలులో రోడ్డు పక్క పంక్చరు కొట్టు ముందు నిలబడ్డాను. కొట్టతను సైకిలు టైరుకు గాలి కొట్టి, పంపు గొట్టం లాగేశాడు. లాగిన క్షణంలో సుయ్ మని చిన్న శబ్దం, దాని వెనకే వేడెక్కిన రబ్బరు వాసన. లారీలు పోతున్న రోడ్డు మీద ఆ చిన్న శబ్దం తప్ప ఇంకేదీ వినపడలేదు నాకు. అతను బొటనవేలితో టైరు నొక్కి, చాలక్కా అన్నాడు. నేనూ నొక్కి చూశాను. గట్టిగానే ఉంది. అయినా మళ్లీ నొక్కాను. ఆ సైకిలు ఖాసింబీ అక్కది.

ఖాసింబీ అక్కను మీరెవరూ చూసి ఉండరు. బోగోలు రోడ్డు మలుపులో ఆమె భర్తకు సైకిళ్లు బాగుచేసే రేకుల కొట్టు ఉండేది. ఆయన పోయాక ఆమే నడిపింది. పొట్టి మనిషి. కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, కొంగు తల మీద నుంచి తెచ్చి మెడ చుట్టూ బిగించి, అడ్డ కడ్డీ ఉన్న మగవాళ్ల సైకిలే తొక్కేది. నాకు ఏడేళ్లప్పుడు అమ్మ కీళ్లు పట్టేసి మంచాన పడింది. అమ్మను చూసుకోవడానికి నన్ను బడి మానిపించారు. నాన్న పొలం నుంచి వచ్చాక కాసేపు అక్షరాలు దిద్దించేవాడు, అంతే. ఒకరోజు సైకిలు బాగుచేయించుకోవడానికి వెళ్లి, మాటల్లో నా సంగతి చెప్పాడట. మర్నాడు అక్క మా గుమ్మంలో ఉంది. పదో తరగతి దాకా చదివిన మనిషి. అమ్మ మంచం పట్టె మీదే కూర్చుని పలక తెమ్మంది. అప్పటినుంచి నా పెళ్లిదాకా, వారానికి మూడు రోజులు, ఎండైనా వానైనా వచ్చింది.

మా ఊరికీ బోగోలుకూ మధ్య మూడు మిట్టలు. కొండలేం కావు. పడుకున్న ఎద్దు వీపులా మెల్లగా లేచి, మెల్లగా వాలే ఎర్రనేల. పల్లంలో వరిమళ్లు, మిట్ట మీద జీడిమామిడి చెట్లు. అమ్మకు కునుకు పట్టి, పక్కింటావిడ కాపలా కూర్చుంటే, అక్క నన్ను వెనక క్యారియరు మీద ఎక్కించుకుని ఆ రోడ్డు మీదికి తీసుకెళ్లేది. నేను చదివిన మొదటి వాచకం ఆ రోడ్డే. మైలురాళ్లు, గోడల మీద ఎరువుల ప్రకటనలు, ఎదురొచ్చే బస్సుల బోర్డులు. తప్పు చదివితే సైకిలు ఆపేది, మళ్లీ చదివితేనే కదిలేది. "ఎక్కేటప్పుడు ఎక్కాలు చెప్పు పాపా, దిగేటప్పుడు నోరు మూసుకో," అనేది. మొదటి మిట్ట ఏడో ఎక్కానికి అయిపోయేది. మూడో మిట్టకు పదమూడో ఎక్కం దాకా కావాలి. ఆ పైకి చేరితే దూరంగా సరుగుడు తోటల వెనక సముద్రం ఒక గీతలా కనిపించేది. అక్కడినుంచి వాలులో ఆమె కాళ్లు ఆడించేది కాదు.

"దిగేటప్పుడు తొక్కబాకు. ఆయన తోస్తా ఉంటే మనం అడ్డం పడగూడదు."

ఆయనంటే ఎవరని నేనెప్పుడూ అడగలేదు. ఆమె నమాజు చేసుకునేది, నేను దీపం పెట్టుకునేదాన్ని. ఇద్దరం ఒకరికే చెప్పుకుంటున్నామని అనుకున్నాను. ఆ వాలులో మొహానికి కొట్టే ఉప్పుగాలికి కళ్లు మూసుకుని నేను దేవుడికి పెట్టుకున్న దండాలే నా జీవితంలో నిజమైన దండాలని ఇప్పుడు అనిపిస్తుంది.

అక్కకు ఒక అలవాటు ఉండేది. తన ఒంటి బాధ తన పేరున చెప్పేది కాదు, సైకిలు మీద పెట్టి చెప్పేది. మోకాలు నొస్తే చైను ఎండిందనేది. జ్వరమొస్తే చక్రం హబ్బు కాలుతోందనేది. భర్త పోయిన కొత్తలో పాఠం మధ్యలో కళ్లు నిండితే, "బ్రేకు పట్టలేదు పాపా, నువ్వు చదువు," అని కొంగుతో మొహం తుడుచుకుంది. మంచంలో నుంచి మా అమ్మ ఎగతాళి చేసేది.

"ఏం ఖాసింబీ, నీకు డాక్టరు కావాల్నా, మెకానిక్కు కావాల్నా?"

"డాక్టరు కాడ నా సైజు పానా లేదొదినా," అనేది అక్క, నట్లు బిగించినట్టు చెయ్యి తిప్పి చూపిస్తూ. అమ్మ నొప్పి మరిచిపోయి నవ్వేది.

ఒకసారి మూడో మిట్ట సగంలో దిగిపోయి రోడ్డు పక్కన కూలబడింది. గాలి తగ్గింది పాపా, అంది. నేను టైరు వంక చూడలేదు. పక్క చేలో మోటారు దగ్గరికి పరుగెత్తి, దోసిళ్లు చాలక పావడా అంచు తడిపి తెచ్చి ఆమె మొహం తుడిచాను. గాలి తగ్గిందంటే ఆయాసమని నాకు పదేళ్లకే తెలుసు. ఇది మీరు గుర్తుంచుకోవాలి. నాకు తెలుసు.

పదో తరగతి పరీక్షలు ప్రైవేటుగా కట్టించి, కావలిలో పరీక్ష కేంద్రం దాకా రోజూ తనే తొక్కుకుంటూ తీసుకెళ్లింది. పెళ్లయి మనుబోలు వచ్చాక కూడా ఏటా ఒకసారి వెళ్లి, ఇద్దరం ఆ మిట్టలు ఎక్కి దిగేవాళ్లం. నేను అద్దె సైకిలు మీద, ఆమె తన సైకిలు మీద. చివరి రెండేళ్లు ఆమె తొక్కలేకపోయింది. కొట్టు, సామాను తన దగ్గర పని నేర్చుకున్న షరీఫన్నకు అప్పగించి, సైకిలును మాత్రం వసారాలో పెట్టుకుని రోజూ తుడిచేది. పిల్లలు లేరు. పక్క వాటాలో ఎవరో ఉండేవారు.

పోయిన కార్తీకం ముందు వెళ్లినప్పుడు ఆ సైకిలు వెనక టైరు కూర్చుండిపోయి ఉంది. ఈసారి వచ్చినప్పుడు బాగుచేయిస్తానని చెప్పాను. కార్తీకంలో ఒక ఉదయం పారాయణంలో ఉండగా ఫోను మోగింది. పీట మీద నుంచి లేవకుండా, పుటలో వేలు పెట్టుకునే ఫోను చెవికి ఆనించాను.

"గాలి నిలవడం లేదు పాపా," అంది అక్క. కాసేపాగి, "ఒకసారి వచ్చి చూసిపోతావా?" అంది.

జన్మలో ఆమె నన్ను రమ్మని అడగలేదు. నేను వెళ్లడమే తప్ప ఆమె అడగలేదు. అది కూడా నాకు తట్టలేదు. నా కళ్ల ముందు ఆ వెనక టైరే ఉంది.

"శుక్రవారం వస్తానక్కా. ఈ పొద్దు షరీఫన్నను పంపిస్తాలే, ట్యూబు మారుస్తాడు."

అటువైపు నుంచి చిన్న నవ్వు.

"ట్యూబు మారుస్తాడా. సరే, పంపు. పూజలో ఉన్నట్టుండావు, కానియ్యి."

నేను వేలు తీసి పుట తిప్పాను.

మధ్యాహ్నం షరీఫన్న ఫోను చేశాడు. "టైర్లు రెండూ రాయి మాదిరి ఉండాయక్కా. ఎవురిచేతో ముందే బాగుచేయించినట్టుండాది. రవ్వంత గాలి గూడా పోలేదు." మరేం, మంచిదే కదన్నా అన్నాను. "అక్క పోయింది," అన్నాడు. టైర్ల మాట ముందెందుకు చెప్పాడో అప్పుడు అర్థమైంది. ఈ మాట చెప్పడం అతనికి రాలేదు. తెల్లారినప్పటినుంచి పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునే ఉందని, ఫోను ఒళ్లోనే ఉందని పక్క వాటావాళ్లు చెప్పారు. ఆమె చేసింది ఒక్క ఫోనే.

గుండె జబ్బు, నువ్వేం చేయగలవంటారు అందరూ. షరీఫన్నను ఆటో తీసుకెళ్లమని చెప్పి ఉండాల్సింది. కావలి ఆసుపత్రి అరగంట దూరం. దేవుడి మీద నాకు కోపం లేదు. రోజూ కృతజ్ఞత చెప్పుకునే అలవాటు పోలేదు. అక్షరమిచ్చినందుకు, రోడ్డిచ్చినందుకు, పదమూడో ఎక్కమిచ్చినందుకు. కానీ ఏది తలుచుకున్నా అది ఆమె దగ్గరికే పోయి అక్కడే ఆగిపోతుంది, ఆపైకి వెళ్లదు. పారాయణంలో ఆ పుట వచ్చినప్పుడు అక్షరాలు కనిపిస్తాయి, అర్థం కనిపించదు. నాకు చదవడం నేర్పిన మనిషి చెప్పిన మూడు మాటలు నేను చదవలేకపోయాను.

మట్టి అయ్యాక సైకిలు నాకిచ్చారు. దాన్ని తీసుకుని మూడో మిట్ట దాకా వెళ్లాను. పైనుంచి సముద్రం అలాగే గీతలా ఉంది. వాలులో కాళ్లెత్తి కూర్చోలేకపోయాను. దిగి, రెండు బ్రేకులూ పట్టుకుని, కింది దాకా నడిచాను. ఎన్నిసార్లు వెళ్లినా అక్కడ నడిచే దిగుతున్నాను.

మా ఆయన పొలం నుంచి ఫోను చేసి బండి స్టార్టు కావడం లేదంటే, బండికేనా, అని అడుగుతాను. పక్కింటావిడ మిక్సీ మొరాయిస్తోందంటే, మిక్సీకేనా, అంటాను. వాళ్లు నవ్వుతారు. ఈమెకు చాదస్తం పట్టుకుందని వెనకాల అనుకుంటారని కూడా తెలుసు. జవాబు చెప్పేదాకా ఫోను పెట్టను. ఈ ఉదయం పంక్చరు కొట్టు ముందు కూడా, చాలక్కా అని అతను పంపు పక్కన పెట్టేశాక, ఆ గట్టి టైరు మీద బొటనవేలు ఉంచి చాలాసేపు నిలబడ్డాను. టైరుకేనా అక్కా, అని అడుగుతూ.