ముద్ర కింద అణిగిన చుక్కలు

మా గ్రంథాలయంలో ఆదివారం పూట పిల్లలు గట్టిగా చదువుకుంటారంటే మొదట కాదన్నది నేనే. చిట్యాలలో పనిచేసినప్పుడూ, మహబూబాబాద్‌కు బదిలీ అయి వచ్చాకా నేను రోజూ ఎక్కువసార్లు పలికిన మాట "మెల్లగా". పేపరు చదివే పెద్దమనుషులు తుమ్మినా తలెత్తి ఓ చూపు చూసేదాన్ని. అలాంటి నా దగ్గరికి జనగామ నుంచి ఓ సారు రైలెక్కి వచ్చాడు. పుట్టుకతో చూపు లేని మనిషి.

"మేడం, చూపు లేని పిల్లలకు చదువు చెప్పనీకి ఒక గది ఇయ్యండి. జర సప్పుడైతది మరి," అన్నాడు.

"ఇది గ్రంథాలయమండీ," అన్నాను.

"అందుకే గద వచ్చిన," అన్నాడు.

ఆ జవాబుకు ఒళ్ళు మండింది. రెండు రోజులు గడిచాక ఆ మంట నా మీద నాకే అని అర్థమైంది. వెనక గది తాళం తీయించి, పాత పేపర్ల కట్టలు పక్కకు సర్దించాను.

ఆరుగురు పిల్లలు వచ్చేవాళ్ళు. వాళ్ళతోపాటు నేనూ బ్రెయిలీ నేర్చుకున్నాను. కాకపోతే వేళ్ళతో కాదు, కళ్ళతో. చుక్కల్ని చూసి అక్షరాలు పోల్చుకునేదాన్ని. కళ్ళు మూసుకుంటే నా వేళ్ళ కింద అంతా ఉప్మా రవ్వే. సారుకు అది ఎలా తెలిసేదో ఏమో, "మేడం, మీరు కాపీ కొడుతున్నరు," అని ఆటపట్టించేవాడు. పిల్లలు పగలబడి నవ్వేవాళ్ళు.

వాళ్ళలో కేసముద్రం దగ్గరి తండా నుంచి వచ్చే అమ్మాయికి పదకొండేళ్ళు. తల్లి లేదు. తండ్రి మార్కెట్ యార్డులో హమాలీ. ఆదివారం యార్డుకు సెలవు కాబట్టి బిడ్డ చేయి పట్టుకుని తీసుకొచ్చి, తాను వరండా మెట్ల మీదే తువ్వాల పరుచుకుని కూర్చునేవాడు. లోపలికి రమ్మంటే, "నాకేం పని మేడం ఈడ," అనేవాడు. ఇంట్లో వాళ్ళది లంబాడీ తండా భాష. తెలుగు ఆ పిల్లకు బయట నేర్చుకున్నదే. అయినా ఏడాది తిరక్కుండా సారుకు దీటుగా చదవడం మొదలుపెట్టింది. మధ్యలో నేను మాట అందించబోతే, "మీరు ఊకోండి మేడం, నేను చదువుత గద," అని కసిరేది. గొప్పలు చెప్పుకునే అలవాటు నాకు లేదనను గానీ, ఆ పిల్ల గురించి చెప్పుకున్నంతగా నా సొంత పిల్లల గురించి కూడా చెప్పుకోలేదు.

ఆ వేసవిలో సారు ఒక కబురు తెచ్చాడు. పట్నంలో హాస్టలున్న అంధుల బడిలో ఆమెకు సీటు ఇస్తామన్నారట. తండ్రి ఒప్పుకుంటే చాలు. తండ్రి ఒప్పుకోలేదు.

"అది చదువుడు కాదు సారూ, విన్నది అప్పజెప్పుడు. గంత దూరం పంపితె దాన్ని ఎవరు చూస్తరు?" అన్నాడు. సారు వదల్లేదు. చివరికి తండ్రే ఒక మాట అన్నాడు. "సరె, వచ్చే ఆదివారం ఎన్నడు చదవని బుక్కు నా ముందర చదవమనుండ్రి. చదివితె పంపుత. లేకుంటె ఇగ ఇక్కడికి గూడ తీస్కరాను."

శనివారం కొత్త బ్రెయిలీ పుస్తకాలు వచ్చాయి. నాకు పండగే. మా శాఖలో ఒక ఆనవాయితీ ఉంది. ఏ పుస్తకం వచ్చినా మొదటి పేజీలో, లోపల ఒక ఖాయం పేజీలో గ్రంథాలయం ముద్ర కొట్టాలి. ఎవరైనా అట్ట చింపి ఎత్తుకుపోయినా లోపలి ముద్ర పట్టిస్తుంది. మాది పాత ఇత్తడి ముద్ర. ఆ రోజు సంతోషంలో ఒక్కో పుస్తకానికీ పిడికిలి బిగించి మరీ కొట్టాను. లోపలి పేజీలో ఒకటికి మూడు కొట్టాను, కొత్త పుస్తకాల మీద మోజు కొద్దీ.

ఆదివారం తండ్రి మొదటిసారి లోపలికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పిల్ల కొత్త పుస్తకం తెరిచి ఎండ్రకాయ కథ అందుకుంది. వేళ్ళు చకచకా పోతున్నాయి. నాలుగు పేజీలు, అయిదు పేజీలు. నేను తండ్రి ముఖమే చూస్తున్నాను. మెల్లగా ఆయన కళ్ళు విప్పారుతున్నాయి. అంతలో పిల్ల ఆగిపోయింది. వేళ్ళు వెనక్కి వచ్చాయి, మళ్ళీ ముందుకు వెళ్ళాయి.

"ఇక్కడ ఏం లేదు," అంది.

నేను తొంగి చూశాను. నా కంటికి చుక్కలన్నీ ఉన్నాయి. "ఉంది, చదువు," అన్నాను. ఆమె తడబడింది. తొందర పుట్టి నేనే ఆ వాక్యం అందించాను. "బొరియలోంచి బయటికి వచ్చి..." పిల్ల నా వెంట అదే మాట అంది. తరువాతి వాక్యమూ నేనే అందించాను.

తండ్రి తువ్వాల దులిపి భుజం మీద వేసుకున్నాడు. "చూసిన మేడం. మీరు చెప్తున్నరు, అది అంటున్నది," అన్నాడు.

సారు వచ్చి ఆ పేజీ తడిమాడు. "మేడం, దీని మీద ఏమన్న బరువు పెట్టిండ్రా? చుక్కలు అణిగిపోయినయి," అన్నాడు. రోజూ చూసే గుర్తు కనుక అంతవరకు కంటికి ఆనలేదు గానీ, సరిగ్గా ఆ వరుసల మీద నీలం సిరాతో గుండ్రంగా మా గ్రంథాలయం ముద్ర, మూడు సార్లు. అణిగిన చుక్క కూడా కంటికి చుక్కలాగే కనిపిస్తుంది. వేలికి కనిపించదు. సిగ్గుతో చచ్చిపోయాను. తండ్రికి ఆ పేజీ చూపించి, "అన్నా, తప్పు నాది," అన్నాను.

"మీరు మంచోళ్ళు మేడం. దాన్ని పంపనీకి తప్పు మీ మీద ఏసుకుంటున్నరు," అన్నాడు.

ఆ మంచితనానికి నాకు పిచ్చి కోపం వచ్చింది. బ్రెయిలీ పలక, సూది బల్ల మీద పెట్టాను. "అయితే నువ్వే చెప్పన్నా. బిడ్డను సారు గేటు కాడికి తీస్కపోతడు. నువ్వు ఏది చెప్తే అది నేను పొడుస్త. వచ్చి చదువుతది."

ఆయన బల్ల దగ్గరికి వచ్చాడు. "మీకు తెల్సిన మాటైతె మీరు మల్ల అందిస్తరు. మా మాటల చెప్త," అన్నాడు. తండా భాషలో రెండు వాక్యాలు చెప్పాడు. రెండోది చెప్పేటప్పుడు గొంతు తగ్గింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మూడుసార్లు చెప్పించుకుని, విన్న శబ్దాన్ని విన్నట్టు తెలుగు చుక్కల్లో పొడిచాను.

పిల్ల వచ్చి కూర్చుంది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడ్డాను. ఒకసారి పైకి చదివింది. మళ్ళీ మొదటికి వచ్చి లోపల చదువుకుంది. దిగ్గున లేచింది. తండ్రి ఉన్న వైపు తిరిగి, వాళ్ళ భాషలో గడగడా ఏదో అంది. వెళ్ళి ఆయన పొట్ట మీద పిడికిళ్ళతో గుద్దింది. నేను ఏం తప్పు పొడిచానో అని హడలిపోయాను.

"ఏమైందన్నా?"

ఆయన ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. "దీనికొక మేకపిల్ల ఉండె మేడం. నిరుడు తప్పిపోయిందని చెప్పిన. తప్పిపోలేదు. మా సీత్లా తల్లి పండుగకు నేనే కోసిన. ఇన్నొద్దులు దీనికి చెప్పనీకి నోరు రాలె." కళ్ళు తుడుచుకున్నాడు. "సదివింది మేడం. నా బిడ్డ నిజంగ సదివింది. దస్కత్ ఎక్కడ పెట్టాలె? నాకు రాదు, ఏలిముద్ర పెడ్త."

అంత గర్వం నేను ఎరగను.

ఆ పిల్ల తండ్రితో మూడు రోజులు మాట్లాడలేదట. జూన్‌లో హాస్టల్‌కు వెళ్ళింది. ఆమె వెళ్ళిన మొదటి ఆదివారం తండ్రి ఒక్కడే వచ్చి, నేరుగా వెనక గదిలోకి నడిచి నా ఎదురుగా కూర్చున్నాడు. "నోటితోని చెప్పరానియి శానా ఉన్నయి మేడం. మీరు పొడిచి పంపుతరా?" అన్నాడు. ఆయన వాళ్ళ భాషలో చెప్పేవాడు, నేను పొడిచేదాన్ని. జవాబు వస్తే అర్థం తెలియకుండానే చదివి వినిపించేదాన్ని. ఆయన ఒక్కోసారి నవ్వేవాడు, ఒక్కోసారి లేచి కిటికీ దగ్గరికి పోయేవాడు.

మొన్న వచ్చినప్పుడు ఉత్తరం చెప్పలేదు. పలక తన వైపు లాక్కున్నాడు. కొన్ని వారాలుగా నా చేతి వైపే చూస్తూ ఒక్కో అక్షరం నేర్చుకున్నాడట. తెలుగు అక్షరం ఒక్కటీ రాని మనిషి, బస్తాలు మోసి కాయలు కాసిన వేళ్ళతో సూది పట్టుకుని, గంటసేపు చెమటలు కక్కుతూ నాలుగు మాటలు పొడిచాడు. ఏం పొడిచాడో నేను చూడలేదు. చుక్కలు అణగకుండా మడిచి, కవరులో పెట్టి, అంటించి ఇచ్చాను.