అడ్డపొగ ఫోటో

మొన్న మా తమ్ముడి మనవరాలు, విశాఖపట్నంలో డాక్టరీ పై చదువు చదువుతున్న పిల్ల, సెలవులకొచ్చి ఫోన్లో ఏదో చూసుకుంటూ ఒకటే రుసరుసలాడుతుంటే ఏమిటే అని అడిగాను. తను రాసిన వ్యాసాన్ని ఏదో వైద్య పత్రికవాళ్ళు పేరు చెప్పని ఇద్దరు పెద్దల చేత చదివించారట, అందులో ఒకాయన బాగా అక్షింతలు వేశాడట. పేరు చెప్పని పెద్దలు అన్నమాట చెవిన పడగానే నా ఒళ్ళు మండింది. ఎనభై దాటాక అలా మండటం రక్తపోటుకి మంచిది కాదని తెలిసీ మండింది.

పంతొమ్మిది వందల అరవైల చివర్లో నేను చీపురుపల్లి వైపు ఒక చిన్న ఆసుపత్రిలో కొత్తగా చేరిన డాక్టరమ్మని. మనవైపు ఆడవాళ్ళు అడ్డపొగ తాగడం గురించి నా ఈడువాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, ఎరగనివాళ్ళుంటే చెబుతున్నాను, చుట్ట వెలిగించి నిప్పున్న కొసనే నోట్లో పెట్టుకుని తాగడం అది. అలా తాగితే గాలికి ఆరదు, ఊడుపుల్లో వానకి తడవదు, చంకలో పిల్లమీద నుసి రాలదు. పొందూరు దగ్గర పల్లెలో ఉండే మా మేనత్త, తల్లి పోయిన నన్ను పెంచి పెద్దచేసిన మనిషి, అడ్డపొగ నోట్లో ఉండగానే ఊరందరినీ తిట్టగల నేర్పరి. ఆసుపత్రికొచ్చే ఆడవాళ్ళ అంగిలి మీద తెల్లటి మచ్చలు, వాటి మధ్య ఎర్రటి చుక్కలు, కొందరికి అక్కడే పుండు, చివరికి ఆ పుండే క్యాన్సరు కావడం నేను చూశాను. మగ డాక్టర్ల ముందు నోరు తెరవనివాళ్ళు నా ముందు తెరిచారు కాబట్టి కనబడిందే తప్ప ఇందులో నా గొప్పేమీ లేదు. ఈ సంగతి పత్రికలో అచ్చయితే, దాన్ని చూపించి ఊరూరా నోళ్ళు పరీక్షచేసే ఏర్పాటు అడగొచ్చని, పుండు కాకముందే పట్టుకోవచ్చని నా ఆశ. అత్త అంగిలి మీదా మచ్చ ఉంది మరి.

కార్బన్ కాగితాలు పెట్టి టైపు చేయించి వ్యాసం పంపాను. పత్రికల పద్ధతేమిటంటే, సంపాదకుడు దాన్ని ఆ విద్యలో తలపండిన ఒకరిద్దరికి పంపుతాడు, వాళ్ళకి మన పేరూ ఊరూ తెలుస్తాయి గానీ మనకి వాళ్ళెవరో తెలియదు, మొహమాటం లేకుండా నిజం చెబుతారని ఆ ఏర్పాటు. మొహమాటం లేకపోవడం వరకూ నిజమే. నెలలు గడిచాక వచ్చిన అభిప్రాయంలో, మనిషన్నవాడు నిప్పు నోట్లో పెట్టుకోవడం అసంభవమనీ, రచయిత్రి పల్లెటూరి కబుర్లు నమ్మిందనీ, నిజమైతే ఫోటో పంపమనీ ఉంది. విజయనగరం నుంచి ఫోటోలు తీసే ఆయన్ని రప్పించాను. అత్త పెట్టెలోంచి పొందూరు చీర తీసి కట్టుకుని, అడ్డపొగ పెట్టుకుని దర్జాగా కూర్చుంది. ఆ ఫోటో పంపితే, వెలిగించని చుట్ట నోట్లో పెట్టుకోవడం దేనికీ రుజువు కాదని జవాబొచ్చింది. నిజమే, నిప్పు లోపలుంటే బయటికి కనబడేది మామూలు కొసే కదా! ఆ మాట నాకూ తట్టలేదు, ఫోటో ఆయనకీ తట్టలేదు, పుట్టినప్పటినుంచీ చూసిన కళ్ళకి బయట నిప్పు లేదంటే లోపల ఉన్నట్టే లెక్క.

మళ్ళీ అత్త దగ్గరికెళ్ళి, ఈసారి చుట్ట నోట్లో ఉండగానే నోరు బార్లా తెరవాలని, లోపలి నిప్పూ అంగిలీ రెండూ కనబడాలని చెప్పడానికి నాకు సిగ్గేసింది. పళ్ళూడాక మగాళ్ళ ముందు నవ్వడం కూడా మానేసిన మనిషి ఆవిడ. "పరాయి మగోడి ముందు నోరు తెరిసి కూకోమంటావేటే? నీకోసం కాబట్టి కూకుంతన్నాను, ఇంకెవులైనా అడిగుంటే సీపురు తిరగేద్దును" అంది. అని, కూర్చుంది.

ఆ ఫోటో పంపాక చాలాకాలం ఉలుకూ పలుకూ లేదు. చివరికి, ఇదేదో మారుమూల వింత, మా పాఠకులకి పనికిరాదని వ్యాసం తిప్పి పంపారు. ఫోటో మాత్రం తిరిగి రాలేదు.

ఆ తర్వాతి ఏడు విశాఖపట్నంలో డాక్టర్ల సభ జరిగితే వెళ్ళాను. దూరపు పెద్ద ఊరినుంచి వచ్చిన ఒక ఆచార్యుడు, పేరు చెప్పను, చెబితే నా నోరే పాడవుతుంది, దీపాలు ఆర్పించి, తాను కనిపెట్టిన కొత్త సంగతంటూ తెరమీద బొమ్మలు వేస్తున్నాడు. ఒక్కసారిగా గోడంత పెద్దదై మా అత్త నోరు వచ్చింది. మనిషెవరో తెలియకూడదని కళ్ళమీద నల్లపట్టీ వేశారు. కింది పెదవి కింద పచ్చబొట్టు ఉంది కదండీ, చిన్నప్పుడు ఆవిడ ఒళ్ళో పడుకుని నేను వేలితో దిద్దిన పచ్చబొట్టు!

సభ అయ్యాక వెళ్ళి అడిగితే, ఇలాంటివి ఎక్కడెక్కడినుంచో వస్తుంటాయమ్మా అని చిరునవ్వు నవ్వాడు. నా వ్యాసం చదివింది ఎవరో చెప్పమని సంపాదకుడికి రాస్తే, ఆ పేర్లు బయటపెట్టడం పద్ధతి కాదన్నాడు. దొంగ చేతికి తాళాలిచ్చి, ఆ దొంగెవరో చెప్పకపోవడం మర్యాద అన్నమాట! మా ఆసుపత్రి పెద్దాయన, ఊరుకోమ్మా, ఇంకా బోలెడంత ఉద్యోగం చేయాల్సినదానివి అన్నారు. అసంభవమన్న సంగతి, పెద్ద పేరు తగలగానే ఫోటోతో సహా అచ్చయింది, అందరికీ నమ్మకమైపోయింది.

అత్త మచ్చ పుండైంది. గంజి కూడా దిగని రోజుల్లో ఒకనాడు నన్ను దగ్గరకి పిలిచి, "ఒలే, నా బొమ్మ పొస్తకంలో పడ్డాదా?" అని అడిగింది. పడిందత్తా అన్నాను. "మరైతే నీ పేరూ నా బొమ్మా ఒక్క కాడే ఉన్నాయన్నమాట" అని, అంత నొప్పిలోనూ నవ్వింది. నేను ఆవిడ కాళ్ళు నొక్కుతూ కూర్చున్నాను.

ఇప్పుడు అడ్డపొగ తాగే ముసలమ్మలు ఎక్కడోగాని కనబడరు, ఆ మాటకొస్తే పరాయివాళ్ళ ముందు నోరు తెరవడానికి సిగ్గుపడేవాళ్ళూ లేరు. కొన్ని పత్రికలు వ్యాసం చదివినవాళ్ళ పేర్లు కూడా అచ్చువేస్తున్నాయని మనవరాలు చెప్పింది, మంచిదే, ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది. తను చదువుకున్న పుస్తకంలో ఆ ఫోటో ఉందని తీసి చూపించింది కూడా, కింద ఆ ఆచార్యుడి పేరే ఉంది. నా పేరు లేదన్న కోపం ఇన్నేళ్ళలో అరిగిపోయింది, అబద్ధమెందుకు, సగం అరిగింది. కానీ ఆవిడ నోరు తెరిచింది నాకోసం. పరాయివాడి పేరు మీద అది ఇంకా తెరుచుకునే ఉంది.