గట్టు మీద పెట్టిన ఒట్టు

నాకు కుళ్ళు ఎక్కువ. ఆ మాట ముందే చెప్పేస్తే తరువాత రాసేది తేలిక. నలభై దాటాక అ ఆ లు దిద్దింది కూడా కుళ్ళుతోనే, చదువు మీద ప్రేమతో కాదు. నా కొడుకు పదో తరగతి మార్కుల కాగితాన్ని నాకంటే ముందు ఇంకో ఆడమనిషి చదివింది. వాడే తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాడు. ఎందుకు రా అంటే, "నీకు చదువనీకె రాదు గదమ్మా" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. అయినా ఆ వారమే పలక కొనుక్కుని పెద్దవాళ్ళ బడిలో చేరాను.

మాది గద్వాల. మగ్గం ఇల్లు. మా చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. ఆ రెండింటినీ ఒక రంగు ఇంకో రంగులోకి పోకుండా కలిపి నేయాలంటే మగ్గం మీద ఒక్కరు చాలరు. గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసేవాడు ఒకడు, పక్కన కూర్చుని అంచు దారం మోసే నాడెను అందుకుని మళ్ళీ విసిరేవాడు ఇంకొకడు. ఆ రెండో మనిషిని మా ఇంట్లో 'తోడు' అంటాం. నా కొడుకు ఎనిమిదేళ్ళప్పటి నుంచి వాళ్ళ నాయనకు తోడు కూర్చున్నాడు. వాడి చేయి ఎంత చురుకంటే, నాడె వచ్చి తగిలిందో లేదో తెలియకముందే తిరిగి వెళ్ళిపోయేది.

పది తప్పాడు. మగ్గం మీదకు మళ్ళీ రానన్నాడు. గట్టు ఊరికి పోయే రోడ్డు మొదట్లో ఒక మెకానిక్ షెడ్డు ఉండేది, అందులో చేరాడు. అప్పుడు వాడికి పదహారు. వాడి చోట నేను కూర్చున్నాను. మధ్యాహ్నానికల్లా నా భుజం పట్టేసేది. షెడ్డాయన్ని వాడు ఉస్తాద్ అనేవాడు. అనుకోనీ, పని నేర్పేవాణ్ణి అందరూ అట్లాగే అంటారు. నా బాధ ఆయనతో కాదు, ఆయన భార్యతో. షెడ్డు వెనకే వాళ్ళ ఇల్లు. పిల్లలు లేరు. ముస్లింల ఇళ్ళల్లో తల్లిని పిలిచినట్టు, నా కొడుకు ఆమెను అమ్మీ అని పిలిచేవాడు. వాడు షెడ్డులో చేరాక చేతికొచ్చిన మార్కుల కాగితం చదివింది ఆమే.

గుడిదీర్ఘం నేర్చుకున్న రోజు పలక మీద రెండు మాటలూ పక్కపక్కన రాసి చూసుకున్నాను. అమ్మ. అమ్మీ. ఆమెకూ నాకూ మధ్య తేడా ఆ చిన్న గీతే. పక్కనున్నామె "ఏం రాస్తివక్కా?" అంటే ఎంగిలి పెట్టి తుడిచేశాను.

ఇంటికొస్తే వాడి నోట ఆమె వంట మాటే. "అమ్మీ చేసే ఖట్టా ఖిచిడీల పోసుకుంటే ఉంటదమ్మా..." అనేవాడు. నేను జొన్నరొట్టె, పుంటికూర ముందు పెట్టుకుని వినేదాన్ని. ఒకరోజు ఎవరినీ అడగకుండా చింతపండు పిసికి, నువ్వులు నూరి, నాకు తోచినట్టు ఖట్టా చేశాను. వాడు ఒక ముద్ద తిని, "పచ్చిపులుసు మంచిగైందమ్మా" అన్నాడు. మా ఆయన నవ్వి నవ్వి పొలమారాడు. ఆయన వీపు మీద చరవాల్సింది నేనే. గట్టిగానే చరిచాను.

పందేల సంగతి నాకు నల్లా దగ్గర నీళ్ళు పట్టుకుంటుంటే తెలిసింది. "ఏం ఒదినె, మీ పిలగాడు కారెక్కిండంటే దుమ్ము గూడ ఎనకబడుతదంట!" అంది పక్కింటామె. మెచ్చుకుందో ఎత్తిపొడిచిందో తెలియలేదు. అడిగితే మొత్తం చెప్పింది. షెడ్డుకు బాగుచేయడానికి వచ్చిన కార్లను, పని అయ్యాక, ఎట్లా నడుస్తున్నాయో చూడడానికి రోడ్డు మీదకు తీసుకెళతారు. దాన్ని ట్రయల్ అంటారు. ఆ ట్రయల్ పేరుతో మావాడు కారు తీసుకెళ్ళి, ధాన్యం వ్యాపారి కొడుకు ఎర్రకారుతో పందెం కడుతున్నాడు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మా వైపు రోడ్ల మీద కుక్క కూడా ఉండదు. చింతచెట్ల దగ్గర మొదలుపెట్టి, రోడ్డు కింద నీళ్ళు పోయే మోరీ దాకా. డబ్బు పందెం కాదు. ఓడినవాడు గెలిచినవాణ్ణి అందరి ముందూ ఉస్తాద్ అని పిలవాలి. అంతే. అంత మాట కోసం ప్రాణాలు.

"నేను పోయి జూసొస్త, వాని కత" అని మా ఆయన మరుసటి మధ్యాహ్నం సైకిలెక్కి పోయాడు. గంటకు తిరిగొచ్చాడు.

"కొట్టినవా?" అన్నాను.

"లే."

"తిట్టన్న తిట్టినవా?"

కుండలో నీళ్ళు ముంచుకుని తాగాడు. మూతి తుడుచుకున్నాడు. "గా మలుపు కాడ వాని కాలు జూడాల్నే నువ్వు. మన మగ్గం తొక్కినట్టే. ఇది ఎత్తుతడు, అది తొక్కుతడు. ఎర్రకారోడు ఏడున్నడో తెల్వదు!"

మా ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. తనకు తోడు కూర్చోరా అని ఏడాదిగా బతిమాలితే రాని కొడుకు, కారులో మగ్గం తొక్కుతుంటే ఆయనకు సంబరం. నాకు ఆ కారు మీద కూడా కుళ్ళు పుట్టింది. పెంచింది నేను, ఆ కాళ్ళ నేర్పు పోయింది దానికి.

ఆ సాయంత్రం వాణ్ణి కూర్చోబెట్టి గట్టిగా అడిగాను. వాడు లేచి నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "రేపటి సంది పోనమ్మా. అమ్మతోడు" అన్నాడు. ఒట్టు తప్పితే ఎవరి మీద పెట్టామో వాళ్ళు చచ్చిపోతారని మా నమ్మకం. కాబట్టి నేను నమ్మాను.

మూడో రోజు మళ్ళీ పోయాడు. "అమ్మతోడు అంటివి గదరా!" అని నిలదీస్తే, వాడు చెప్పు విప్పుతూ నవ్వాడు.

"ఆ ఒట్టు తీసి గట్టుల పెట్టొచ్చిన్నే అమ్మా. గా రోడ్డే గద!"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వాడు చిన్నప్పుడు మందు తాగకపోతే "నా మీద ఒట్టు, తాగు" అనేదాన్ని. తాగేవాడు కాదు. తాగకుండానే రాత్రంతా నేను చచ్చిపోతానని భయపడి ఏడ్చేవాడు. ఆ ఏడుపు చూడలేక, "ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన, పో, పండుకో" అనేదాన్ని. అట్లా అంటే ఒట్టు రద్దయిపోతుందని పిల్లలంతా ఆడుకునే మాటే. నేను పెద్దదాన్నయ్యుండి అదే వాడికి అలవాటు చేశాను. ఇప్పుడు పందెం కట్టే రోడ్డు నేరుగా పోయేది గట్టు అనే ఊరికే. వాడి హాస్యానికి మా ఆయన నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. నవ్వాను. ఆ రోజు నవ్వకుండా ఉండాల్సింది.

ఆ ఎండాకాలం ఎన్నిసార్లు అమ్మతోడు అన్నాడో లెక్కలేదు. నేను మాత్రం చావలేదు.

చావు వాడి దగ్గరికే వచ్చి పోయింది. ఒక తెల్ల అంబాసిడర్‌ను ట్రయల్ అని తీసుకెళ్ళాడు. మోరీ ఇంకా కొంత దూరం ఉందనగా మేకల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. మేకలను తప్పించబోయి చేనులోకి దూకించాడు. కారు పొలం గట్టెక్కి ఆగింది. గట్టు లేకపోతే అవతల బావి ఉందట. ఈ మాట నాకు చెప్పినవాళ్ళెవరూ మెల్లగా చెప్పలేదు.

చెప్పుల్లేకుండా దవాఖానకు ఉరికాను. నేను పోయేసరికే ఆమె అక్కడుంది. బల్ల మీద వాడి తల తన ఒళ్ళో పెట్టుకుని జుట్టులో ఇసుక ఏరుతోంది. నన్ను చూసి, "భయపడకు అక్కా, ఎడమ చెయ్యి ఒక్కటే ఇరిగింది. జర కూసో" అంది.

నా కొడుకు సంగతి నాకు ఆమె చెప్పడమేంది? నన్ను కూర్చోమనడమేంది? "నా కొడుకు నాకు తెల్వదా? నువ్వు లేస్తే నేను కూసుంట" అన్నాను. ఆమె లేచింది. వాడి తలను జాగ్రత్తగా ఎత్తి నాకిచ్చింది. గుమ్మం వైపు నడిచింది. నా ఒళ్ళో ఉన్న ఆ తల, ఆమె వెళ్ళిన వైపు తిరిగింది. ఇరవై ఏళ్ళు కావస్తోంది. ఆ తిరుగుడు నా ఒళ్ళో ఇంకా తెలుస్తూనే ఉంది.

చేయి కట్టుతో ఇంట్లో ఉన్నన్నాళ్ళు బుద్ధిగానే ఉన్నాడు. కట్టు విప్పే రోజు దగ్గరపడుతుండగా ఎర్రకారు పిల్లవాడు కబురు పంపాడు: మేకల పుణ్యమా అని పందెం సగంలో ఆగింది, మళ్ళీ కడదామా, లేక ఇప్పుడే ఉస్తాద్ అంటావా అని. మావాడు చెంబులో నీళ్ళు సగం తాగి సగం వదిలేశాడు. పోతాడని నాకు అర్థమైంది.

"పోనని చెప్పు" అన్నాను.

"అమ్మతోడు, పోను" అన్నాడు. ఎంత తొందరగా అన్నాడంటే, విసిరిన నాడె తిరిగొచ్చినట్టు. ఆ మాటలో ఏమీ లేదని నాకు తెలుసు.

"నువ్వన్న చెప్పవయ్యా" అని మా ఆయన మీద పడ్డాను. ఆయన మగ్గం గుంటలోంచి తల ఎత్తలేదు. "నేను చెప్తే వినే రోజులు పోయినయే. వాడు వినేది ఎవరి మాటనో నీకు ఎరికే" అన్నాడు. ఎరుకే. ఎరుకై ఊరుకున్నాను రెండు రోజులు. నా కొడుకు చస్తాడేమోనన్న భయం ఒక పక్క, ఆమె గుమ్మం తొక్కాలన్న మంట ఒక పక్క. సిగ్గు లేకుండా రాస్తున్నాను, రెండు రోజులు మంటే గెలిచింది.

మూడో రోజు పోయాను. వాడు అప్పటికే కట్టు చేత్తో షెడ్డుకు పోవడం మొదలుపెట్టాడు. ఆమె బియ్యం ఏరుతోంది. చాప వేసింది. నేను కూర్చోలేదు.

"వాడు నా మీద ఒట్టు పెట్టి తప్పుతుండు. నీ మీద పెట్టించుకో" అన్నాను.

ఆమె చేట పక్కన పెట్టింది. "అక్కా, మేం మనుషుల మీద ఒట్లు పెట్టుకోం. మా దాంట్ల తప్పంటరు."

"అయితే వాడు సస్తడు. ఇద్దరం కలిసి ఏడుద్దాం తియ్."

ఆమె చేతులకున్న బియ్యప్పొడి దులుపుకుంది. తరువాత కొంగు తల మీదకు లాక్కుని షెడ్డులోకి కేకేసింది. మావాడు వచ్చాడు, కట్టు చేయి మెడకు వేలాడేసుకుని. నన్ను అక్కడ చూసి బిత్తరపోయాడు.

"ఇట్ల రా బేటా. నా నెత్తి మీద చెయ్యి పెట్టు. ఇగ పందెం పోనని చెప్పు."

వాడి కుడి చేయి లేచింది. సగం దాకా వచ్చి ఆగింది.

"వద్దమ్మీ."

"ఏమైంది రా?"

"నీ మీద పెట్టను. నీకేమన్న అయితే?"

నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. నోరు ఊరుకోలేదు. "మరి నా మీద పెట్టినవ్ గదరా, ఇన్నిసార్లు? నాకేమన్న అయితే?"

వాడు నా వైపు చూశాడు. వెటకారం లేదు, కోపం లేదు. తెలియక అడుగుతున్నానేమో అన్నట్టు చూశాడు. "నీకేమైతదమ్మా? నువ్వు గట్టు మీద పెడ్తవ్ గద" అన్నాడు.

షెడ్డులోకి పోయి ఒక జీపు కింద దూరాడు. కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. మేమిద్దరం లోపల కూర్చున్నాం. ఆమె చాయ్ పెట్టి ఇచ్చింది. నేను తాగలేదు. మీద మీగడ కట్టింది. ఎండ షెడ్డు గడప దాటి లోపలికి వచ్చేదాకా వాడి కాళ్ళే చూస్తూ కూర్చున్నాం. నా బాధ వాడు పెట్టనన్నందుకు కాదు. ఆమె మీద పెట్టడానికి అంత సేపు పట్టినందుకు. ఆ ఆలోచనలో పిసరంత నా కోసం ఎప్పుడన్నా చేశాడా?

చివరికి వచ్చాడు. గ్రీజు పోవడానికి గ్యాసునూనెతో, సబ్బుతో ఒక్క చేయిని ఎట్లా కడుక్కున్నాడో కడుక్కున్నాడు. ఆమె నెత్తి మీద పెట్టాడు. "పోనమ్మీ" అన్నాడు. అమ్మతోడు అనలేదు, ఇంకేమీ అనలేదు.

పోలేదు. ఎర్రకారు మా వీధిలోకి వచ్చి హారన్ కొట్టింది. మావాడు బయటికి పోయి, వీధి వీధంతా వినేటట్టు, "నువ్వే ఉస్తాద్, పో!" అని అరిచి లోపలికొచ్చాడు. వచ్చి, ఏడాదిన్నర తరువాత మొదటిసారి, మగ్గం పక్కన కూర్చున్నాడు. వాళ్ళ నాయన నాడె విసిరాడు. వీడు మంచి చేత్తో అందుకోబోయి పడేశాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను వంటింట్లో ఉన్నాను.

తరువాత ఒకసారి ఆమె నాతో, "నువ్వు వానికి గోడ లెక్క అక్కా. గోడ కూలుతదని ఎవరన్న భయపడ్తరా? నేను పరాయిదాన్ని, గందుకే భయపడ్డడు" అంది. మంచి మాటే. నాకు రుచించలేదు. గోడను ఆనుకుంటారు గానీ గోడ వైపు తిరిగి ఎవరూ చూడరు. పైగా ఆమె తన ఇంట్లో తప్పనుకునే పనిని నా మాట మీద చేసింది. దానికి నేను థాంక్స్ అన్నా చెప్పలేదు. చెబితే ఆమె ఇంకా మంచిదైపోతుందని.

ఇప్పుడు వాడు బస్సు నడుపుతాడు. ఎడమ మణికట్టు కొంచెం వంకర. మేకలు కనిపిస్తే అర ఫర్లాంగు ముందే ఆపేస్తాడట. "ఓ డ్రైవరన్నా, దిగి నడుస్తం తియ్" అని ప్రయాణికులు ఎత్తిపొడుస్తారట. సెలవు దొరికితే మొదట మా ఇంటికే వస్తాడు. నేను గడియారం చూస్తాను. గంటలోపే, "అమ్మీని జూసొస్త" అంటాడు. పొమ్మంటాను. మా ఇంట్లో ఒట్లు మానేశాం. మనవడు మందు తాగకపోతే ముక్కు మూసి పోస్తాను.

నా కొడుకు బతికి ఉన్నది ఆమె వల్ల. ఈ ఒక్క ముక్క రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. అక్షరాలు రాక కాదు. ఈ కాగితాలు మా ఆయన చూసినా ఫరవాలేదు, ఆయనకు చదువు రాదు. ఆమెకు మాత్రం చూపించను. ఆమెకు వస్తుంది.