తుడిచేసిన బావుల పటం

అన్యాయం చేసింది మా పెద్దసారే. తాండూరు దగ్గరి మా బడిలో నేను చదువు చెప్పే నాలుగో తరగతి పిల్లలు వారం రోజులు ఊరంతా తిరిగి, తాడుతో లోతులు కొలిచి, వరండా బండల మీద సుద్దతో బావుల పటం గీశారు. నడివూరి బావి పక్కన, వెలివాడ నుంచి వచ్చే ఎల్లమ్మ లోతు వేయలేదు. ‘మమ్ముల రానియ్యలే’ అని రాసింది.

పెద్దసారు మండిపడ్డారు. “లోతు రాయమంటే గిదేంది? రేపు బళ్ల ఇనస్పెక్టర్ జూస్తే ఊరి పరువేంగావాలె?”

“దగ్గరికే రానియ్యకపోతే ఎట్ల కొలుస్త సారూ?” అంది ఎల్లమ్మ.

పటం కడిగించారు. పని ద్వారానే చదువు రావాలనే కరపత్రాలు చదివి ఊగిపోయే నేనే నీళ్లు పోశాను. నా ఆవేశమంతా ఏమైందో! మీరైతే ఏం చేసేవారు? ఆ పిల్ల అడిగినదానికి మనమంతా కలిసి జవాబు చెప్పాలి. రేపు పొద్దున ఎనిమిదింటికి, ఇనస్పెక్టర్ రాకముందే, తల్లిదండ్రులంతా బడికి రండి.