గెర్లిండ పుట్టగొడుగుల చోటు

మా ఎర్ట్స్ కొండల్లో మనుషులు ఇంటి తాళమైనా చేతికిస్తారు గానీ, పుట్టగొడుగులు మొలిచే చోటు మాత్రం చెప్పరు. ఎర్హార్ట్ పెళ్లాం గెర్లిండ అయితే మొగుడిక్కూడా చాలా ఏళ్లు చూపించలేదు. చూపించినరోజు కూడా వాగు మీది చెక్క వంతెన దాటించి, వెనక్కి తిప్పి, మళ్లీ దాటించింది. వెనకాల ఎవరూ రావడం లేదని నమ్మకం కుదరాలి కదా!

పైన స్ప్రూస్ అనే సూదాకుల చెట్ల కింద, నాచులో, పసుపు రంగు గొడుగులు. మొదలు దగ్గర కత్తితో కోసి, కోసిన చోటు నాచుతో కప్పేసి, బుట్ట మీద గుడ్డ వేసుకుని దిగేవాళ్లు.

"ఎవరికీ చెప్పకు. మా చెల్లికి అసలు చెప్పకు" అంది గెర్లిండ, ఆసుపత్రి మంచం మీద కూడా.

ఆవిడ పోయాక ఎర్హార్ట్ ఒక్కడే వెళ్లేవాడు. ఇంట్లో రేడియో తప్ప మరో గొంతు లేదు. అక్కడ నాచు మీద కూర్చుని మాత్రం పెళ్లాంతో కాసేపు మాట్లాడుకునేవాడు. ఇంటికొచ్చి కోసినవి పంది మాంసం ముక్కలతో, గుడ్లతో ఇద్దరికి సరిపడా వేయించి, మిగిలింది మర్నాడు తినేవాడు.

అంతలో అడవి మీద సున్నం చల్లుతామన్నారు అటవీశాఖ వాళ్లు. పాత కరెంటు ఫ్యాక్టరీల పొగ ఎప్పుడో ఆగినా, వానతో మట్టిలోకి దిగిన యాసిడ్ పులుపు దిగినట్టే ఉంది. చెట్ల వేళ్లు చచ్చిపోతున్నాయి. ఊరివాళ్లందరినీ సారాకొట్లో కూర్చోబెట్టి, మట్టి పరీక్షలు చేసే ఊటె అనే అమ్మాయి చెప్పింది.

"సున్నం పడితే ఆ పులుపు విరిగి మట్టిలో కంటికి కనపడని జీవులు లేస్తాయి, వానపాములొస్తాయి, కింద పేరుకున్న చెత్తంతా కుళ్లి ఎరువవుతుంది. కానీ పులుపుకి అలవాటు పడ్డ పుట్టగొడుగుల్లాంటివి కొన్ని తగ్గిపోతాయి. పోల్చి చూసుకోడానికి అడవిలో ఒక ముక్క సున్నం వేయకుండా వదిలేస్తాం. ఏది వదలమంటారో మీరే చెప్పండి."

"పుట్టగొడుగుల చోటు కూపీ లాగుతోందిరోయ్, నోళ్లు మూసుకోండి!" అన్నాడెవడో. అందరూ పగలబడి నవ్వారు.

ఎర్హార్ట్ నవ్వలేదు. నోరు విప్పితే చెట్లకి రంగు గీతలు గీస్తారు, బోర్డు పెడతారు, ఆదివారానికి ఊరంతా బుట్టలతో దిగుతుంది. పైగా ఎదురుగా మరదలు రోస్‌విత, బీరు గ్లాసులోకి చూస్తూ కూర్చుని ఉంది. ఆయన నోరు కుట్టేసుకున్నాడు. ఊటె చివరికి రాతి గని పక్కనున్న వాలు వదిలింది.

ఆకులు రాలేకాలంలో హెలికాప్టర్ కింద పెద్ద తొట్టి వేలాడదీసి బూడిదరంగు పొడి చల్లారు. ఎర్హార్ట్ వంటింటి కిటికీ మూసుకుని ఆ చప్పుడు విన్నాడు.

మరుసటేడు గొడుగులు పలచబడ్డాయి. ఆపైన అసలు లేవలేదు. వాటి చోట దురదగొండి, కోరింద పొదలు. చెట్లు మాత్రం పచ్చగా కోలుకున్నాయి, కాదనలేం.

ఒకరోజు ఆయన అక్కడ కూర్చుని ఉండగా పొదల్లోంచి రోస్‌విత వచ్చింది, గుడ్డ కప్పిన బుట్టతో.

"నువ్వా!"

"నేనే బావా. నువ్వు బుధవారాలు కదా వచ్చేది, ఇవాళొచ్చావేం?"

"ఈ చోటు నీకెలా తెలుసే?"

"చిన్నప్పుడే అక్క వెనకాల నక్కి నక్కి వచ్చా. వంతెన రెండుసార్లు దాటితే నేను తప్పిపోతాననుకునేది, పిచ్చిది."

"మరి ఎప్పుడూ కోయలేదే?"

"కోశా. నువ్వు వదిలేసినవి. చిన్నవి నీ కళ్లకి ఆనవుగా!"

ఎర్హార్ట్ కోరింద పొద పక్కకు తోసి ఆమెకి చోటిచ్చాడు. తర్వాత అడిగాడు. "సారాకొట్లో ఆరోజు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్తావనుకున్నా. మొగుడివి. నేను చెప్తే అక్క సొమ్ము దొంగిలించినట్టు ఉండేది. నువ్వెందుకు చెప్పలేదు?"

"ఎదురుగా నువ్వున్నావని."

రోస్‌విత నాచు ఎత్తి చూసింది. వానపాము ఒకటి మెలికలు తిరిగి లోపలికి దూరింది. నాచు మళ్లీ కప్పేసింది.

ఇద్దరూ కలిసే దిగారు. వంతెన దాటాక ఎర్హార్ట్ అలవాటుగా వెనక్కి తిరిగాడు.

"ఇంకా ఎవరి కోసం బావా?" అంది రోస్‌విత.

ఆయన వెనక్కి వెళ్లి, మళ్లీ ఒక్కడే దాటాడు. ఆవిడ ఖాళీ బుట్ట పట్టుకుని ఒడ్డున నిలబడింది, ఆయన వచ్చేదాకా.